యుద్ధం చేసి చరిత్ర రాసిన నావికుడు



మాది కురబలకోట. మదనపల్లె పక్కన, హార్సిలీ కొండల నీడలో ఉండే ఊరు. టమాటా, వేరుశనగ పండే నేల. చెరువులు నిండితే పండగ చేసుకునే ప్రాంతం. మా వైపు చాలామంది సముద్రాన్ని మొదట చూసేది ఏ తిరుచెందూరు యాత్రకో, చెన్నైలో పని పడినప్పుడో. అలాంటి ఊరివాణ్ణి ఈ రోజు మీతో ఒక నౌకాయుద్ధ చరిత్రకారుడి గురించి మాట్లాడబోతున్నాను. ఆయన పేరు వైస్ అడ్మిరల్ గులాబ్ మోహన్‌లాల్ హీరానందానీ. మరోసారి చెబుతాను, గుర్తుపెట్టుకోండి: హీరానందానీ.

సముద్రమే లేని మనకు నౌకాయుద్ధాల చరిత్ర ఎందుకని మీరు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. మీ ఊరి అంగడికి వెళ్ళి చూడండి. వేరుశనగ పండించే మన ఇళ్ళలోనే ఇవాళ పామాయిల్ ప్యాకెట్ ఉంటుంది. ఆ నూనె మలేషియా నుంచి, ఇండోనేషియా నుంచి ఓడల్లో వస్తుంది. టమాటా తోటకు వేసే పొటాష్ ఎరువు విదేశాల నుంచి ఓడల్లోనే వస్తుంది. మదనపల్లె మార్కెట్ నుంచి టమాటా లారీ కదలాలంటే డీజిల్ కావాలి. ఆ డీజిల్ తయారయ్యే ముడిచమురులో ఎక్కువ భాగం సముద్రం మీదే వస్తుంది. ఆ దారులు మూసుకుపోతే మన పొలం దాకా దెబ్బ తగులుతుంది. సముద్రం మనకు కనపడదు గానీ, మన బతుకు దానితో ముడిపడి ఉంది. అందుకే ఆ సముద్రాన్ని కాపాడినవాళ్ళ కథ మనకూ తెలియాలి.

ఇక హీరానందానీ గారి విషయానికి వద్దాం.

చరిత్రకారులు మామూలుగా ఎక్కడ పని చేస్తారు? గ్రంథాలయాల్లో, పాత కాగితాల మధ్య. హీరానందానీ ఆ పనికి ముందు నలభై ఏళ్ళ దాకా నౌకాదళంలో గడిపారు. 1971లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో పడమటి నౌకాశ్రేణికి ఆపరేషన్స్ ఆఫీసర్‌గా పనిచేశారు. ఏ ఓడ ఏ దారిన పోవాలి, ఎప్పుడు పోవాలి, ఎక్కడ కలుసుకోవాలి అన్న ప్రణాళిక వేసే బాధ్యత అది. ఆ పనికి ఆయనకు నౌసేనా మెడల్ వచ్చింది. తర్వాత దక్షిణ నౌకాదళ కమాండ్‌కు అధిపతి అయ్యారు. నౌకాదళ ఉపాధిపతి స్థాయికి ఎదిగి పదవీ విరమణ చేశారు. ఆ తర్వాతే కలం పట్టారు. భారత నౌకాదళం అధికారిక చరిత్రను మూడు పెద్ద సంపుటాలుగా రాశారు. 2009లో కన్నుమూశారు.

మూడు సంపుటాలు అన్నాను కదా. మొదటిది 'ట్రాన్సిషన్ టు ట్రయంఫ్', 1965 నుంచి 1975 దాకా. రెండోది 'ట్రాన్సిషన్ టు ఎమినెన్స్', 1976 నుంచి 1990 దాకా. మూడోది 'ట్రాన్సిషన్ టు గార్డియన్‌షిప్', 1991 నుంచి 2000 దాకా. వరసగా ముప్ఫై ఐదేళ్ళ చరిత్ర. ఆయనకు ముందు రియర్ అడ్మిరల్ సత్యింద్ర సింగ్ స్వాతంత్ర్యం వచ్చిన కాలం నుంచి 1965 దాకా రెండు పుస్తకాలు రాశారు. సత్యింద్ర సింగ్ ఆపిన చోట హీరానందానీ అందుకున్నారు.

ఈయనకు మన తెలుగు తీరంతో ఒక బంధం ఉంది. 1980 మే 4న, అప్పటి సోవియట్ యూనియన్‌లోని పోతి రేవులో, ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌక మన నౌకాదళంలో చేరింది. దాని మొదటి కెప్టెన్ హీరానందానీయే. ఆ ఓడ నలభై ఒక్క ఏళ్ళు సేవ చేసింది. చివరకు 2021 మే 21న మన విశాఖపట్నం నౌకాశ్రయంలో దాని జెండా దించారు.

ఆ ఓడకు ముందు రాజ్‌పుత్ పేరుతోనే మరో ఓడ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత డిస్ట్రాయర్. ఆ పాత రాజ్‌పుత్ కథ కూడా విశాఖదే. హీరానందానీ మొదటి సంపుటంలో అందరూ వెతికి చదివే ఘట్టం అది. చెబుతాను, వినండి.

అది 1971 నవంబరు. యుద్ధం ముంచుకొస్తోంది. పాకిస్తాన్ దగ్గర ఘాజీ అనే పెద్ద సబ్‌మెరైన్ ఉంది. అమెరికా దగ్గర తీసుకున్నది. నవంబరు నడిమిలో అది కరాచీ నుంచి బయలుదేరి, సిలోను చుట్టి, బంగాళాఖాతంలోకి వచ్చింది. దాని గురి మన విమానవాహక నౌక విక్రాంత్. విక్రాంత్‌కేమో అప్పటికే ఒక బాయిలర్‌లో పగులు. పూర్తి వేగంతో పోలేదు. ఘాజీ కంట పడితే కష్టం.

తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి అప్పుడు వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. ఆయన విక్రాంత్‌ను చడీచప్పుడు లేకుండా అండమాన్ వైపు పంపేశారు. విశాఖలో మాత్రం విక్రాంత్ ఉన్నట్టే నాటకం నడిపించారు. పాత రాజ్‌పుత్‌ను సముద్రంలోకి పంపి, పెద్ద ఓడ పంపినట్టు వైర్‌లెస్ సందేశాలు పంపించారు. విశాఖ బజార్లో సరుకులకూ, మాంసానికీ, కూరగాయలకూ భారీగా ఆర్డర్లు పెట్టించారు. ఇంత తిండి కావాలంటే రేవులో పెద్ద ఓడలే ఉన్నాయని గూఢచారులు అనుకోవాలి. తీరంలోని జాలర్లకు కూడా ఒక మాట చెప్పారు: నీళ్ళ మీద నూనె తెట్టు గానీ, తేలే వస్తువులు గానీ కనిపిస్తే వెంటనే కబురు చేయండి.

డిసెంబరు 3వ తేదీ సాయంత్రం యుద్ధం మొదలైంది. అర్ధరాత్రి ప్రధాని ఇందిరా గాంధీ రేడియోలో దేశంతో మాట్లాడతారని తెలిసి, విశాఖలో జనం మేలుకునే ఉన్నారు. సరిగ్గా ఆ వేళకు పాత రాజ్‌పుత్ రేవు దాటి బయటికి వస్తోంది. ఎదురుగా నీళ్ళలో ఏదో కదలిక కనిపించింది. కెప్టెన్ ఇందర్ సింగ్ అక్కడ రెండు డెప్త్ చార్జీలు వేయించారు. డెప్త్ చార్జ్ అంటే నీళ్ళలో లోతుకు వెళ్ళి పేలే బాంబు. ఓడ ముందుకు సాగిపోయింది. కొన్ని నిమిషాలకు భారీ పేలుడు. తీరం వెంట ఇళ్ళ కిటికీ అద్దాలు గడగడలాడాయి. రేడియో ముందు కూర్చున్నవాళ్ళు భూకంపం అనుకున్నారు. తెల్లారాక జాలర్లకు ఒక లైఫ్ జాకెట్ దొరికింది. ఆ తర్వాత డైవర్లు దిగి చూసి, అడుగున ఉన్నది ఘాజీయేనని తేల్చారు. అందులో ఉన్నవాళ్ళలో ఒక్కరూ బతకలేదు. శత్రువులే అయినా వాళ్ళూ నావికులే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఘాజీని ఎవరు ముంచారు? రాజ్‌పుత్ డెప్త్ చార్జీల వల్ల మునిగిందన్నది మన నౌకాదళం మాట. తాను నీళ్ళలో పరిచిన మైన్, అంటే మందుపాతర, తనకే తగిలి గానీ, లోపల పేలుడు వచ్చి గానీ మునిగిందన్నది పాకిస్తాన్ మాట. హీరానందానీ మన దేశం తరఫున అధికారిక చరిత్ర రాస్తున్నవారు. అయినా అవతలి పక్షం ఏమంటోందో దాచలేదు. తమవాళ్ళు చెప్పిందీ, ఎదుటివాళ్ళు చెప్పిందీ చదివేవాడి ముందు పెట్టారు. మళ్ళీ చెబుతున్నాను, ఇది చాలా ముఖ్యం. దేశం మీద ఎంత ప్రేమ ఉన్నా, ఎదుటివాడి మాటను కూడా రాసిపెట్టడం చరిత్రకారుడి ధర్మం. ఆయన ఆ ధర్మం పాటించారు.

మీలో చాలామంది 2017లో వచ్చిన 'ఘాజీ' సినిమా చూసి ఉంటారు. మన తెలుగు దర్శకుడు సంకల్ప్ రెడ్డి తీసిన సినిమా. అందులో మన సబ్‌మెరైన్ ఒకటి సముద్రం అడుగున ఘాజీతో పోరాడి ముంచుతుంది. చూస్తుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. సినిమా కథను కల్పించుకోవచ్చు, అది దాని హక్కు. కానీ చరిత్ర పుస్తకంలో ఉన్నది పాత రాజ్‌పుత్, రెండు డెప్త్ చార్జీలు, ఇంకా తేలని ఒక చర్చ. మన పిల్లలు సినిమా చూడాలి. చూసిన తర్వాత పుస్తకం కూడా తెరవాలి.

ఇక పడమటి సముద్రానికి పోదాం. ఇక్కడ హీరానందానీ స్వయంగా పనిచేశారు.

1971లో మనకు సోవియట్ యూనియన్ నుంచి క్షిపణి పడవలు వచ్చాయి. చిన్న పడవలు. ఒక్కోదానికి నాలుగు క్షిపణులు. రేవుల దగ్గర కాపలా కాయడానికి తయారుచేసినవి. ఎక్కువ దూరం పోలేవు, ఇంధనం చాలదు. వాటిని ఓడల మీద వేసుకుని తెచ్చినప్పుడు, అంత బరువు ఎత్తే క్రేన్ బొంబాయిలో లేదు. కలకత్తాలో దింపారు. అక్కడి నుంచి దేశం చుట్టూ తాళ్ళతో లాక్కుంటూ బొంబాయికి చేర్చారు. అప్పుడు మనవాళ్ళకు ఒక సంగతి తెలిసొచ్చింది. లాక్కుంటూ ఇంత దూరం తేగలిగితే, లాక్కుంటూ శత్రువు గడప దాకా కూడా తీసుకుపోవచ్చు కదా!

అదే చేశారు. డిసెంబరు 4 రాత్రి నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే మూడు క్షిపణి పడవలు, వాటికి తోడుగా పెద్ద ఓడలు కరాచీ వైపు సాగాయి. పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్ మునిగింది. మైన్లు ఏరే ఓడ ముహాఫిజ్ మునిగింది. మందుగుండు మోసుకొస్తున్న ఒక సరుకు ఓడ కూడా మునిగింది. మన పడవలు మూడూ క్షేమంగా తిరిగొచ్చాయి. ఏటా డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం జరుపుకునేది ఈ దాడి గుర్తుగానే. ఆ సందర్భంగా విశాఖ బీచ్‌లో జరిగిన విన్యాసాలు మీరు టీవీలో చూసే ఉంటారు.

ఆ దాడికి ప్రణాళిక వేసినవాళ్ళలో హీరానందానీ ఒకరు. చరిత్ర రాసే వేళ వచ్చినప్పుడు ఆయన తన గొప్ప చెప్పుకోవచ్చు. ఎవరూ కాదనరు. ఆయన మాత్రం ఆ యుద్ధంలో పాల్గొన్నవాళ్ళను మాట్లాడించారు. పడవల్లో ఉన్నవాళ్ళు, ఒడ్డున ఆజ్ఞలు ఇచ్చినవాళ్ళు, యంత్రాలు బాగుచేసినవాళ్ళు గుర్తున్నంత వరకు చెప్పిన సంగతులను వాళ్ళ మాటల్లోనే పుస్తకంలో పెట్టారు. ఆ పుస్తకం చదువుతుంటే ఒక్క గొంతు వినపడదు. చాలా గొంతులు వినపడతాయి. కొన్నిచోట్ల ఒకరి మాట ఇంకొకరి మాటతో కలవదు. కలవనివి కలవనట్టే ఉంటాయి.

గెలుపు గురించి రాయడం సులువు. ఓటమి గురించి, నష్టం గురించి రాయడం కష్టం. హీరానందానీ దాన్నీ రాశారు.

1971 డిసెంబరు 9. గుజరాత్ తీరానికి దూరంగా మన యుద్ధనౌక ఖుక్రి, శత్రు సబ్‌మెరైన్ కోసం గాలిస్తోంది. ఆ సబ్‌మెరైన్ పేరు హంగోర్. ఖుక్రిలో నీటి కింది శబ్దాలు పట్టే సోనార్ యంత్రానికి వినికిడి పెంచే ఒక కొత్త ప్రయోగం నడుస్తోంది. దాని కోసం ఓడ నెమ్మదిగా పోవాల్సి వచ్చింది. సబ్‌మెరైన్ పొంచి ఉన్న చోట నెమ్మదిగా పోవడం ప్రమాదం. హంగోర్ టార్పెడో, అంటే నీళ్ళలో దూసుకొచ్చే బాంబు, వేసింది. ఖుక్రి నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్ర నాథ్ ముల్లా తన ఓడను వదిలి రాలేదు. ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు.

ముల్లా ధైర్యం గురించి చెప్పి ఊరుకుంటే పుస్తకం వీరగాథ అయ్యేది. హీరానందానీ ఆ ఓడ ఎందుకు నెమ్మదిగా పోతోందో రాశారు. మన పాత సోనార్‌ల శక్తి ఎంతో, మన అరేబియా సముద్రపు నీళ్ళలో అవి ఎందుకు సరిగా వినలేకపోయాయో వివరించారు. ఎండకు పైపొర నీరు వేడెక్కుతుంది, అడుగున చల్లగా ఉంటుంది. ఆ రెండు పొరల మధ్య శబ్దం వంకర తిరుగుతుంది. సబ్‌మెరైన్‌కు అదే రక్ష. ఇది తెలిస్తేనే రేపటి నావికుడు జాగ్రత్తపడతాడు. కన్నీళ్ళు పెట్టించే చరిత్ర అవసరమే. కళ్ళు తెరిపించే చరిత్ర ఇంకా అవసరం. ఆయన రాసింది కళ్ళు తెరిపించే చరిత్ర.

రెండో సంపుటం, మూడో సంపుటం గురించి కొద్దిగా చెబుతాను. వాటిలో పెద్ద నౌకాయుద్ధాలు లేవు. అందుకే చాలామంది మొదటి పుస్తకంతోనే ఆగిపోతారు. ఆగకూడదని నా మనవి. ఓడలు ఎలా కొన్నాం, మన నౌకానిర్మాణ కేంద్రాల్లో ఎలా కట్టుకున్నాం, అణుశక్తితో నడిచే సబ్‌మెరైన్ చక్రను 1988లో సోవియట్ యూనియన్ నుంచి అద్దెకు తెచ్చి విశాఖలో ఎలా నిలిపాం, శ్రీలంకకు శాంతి సేన వెళ్ళినప్పుడు, మాల్దీవుల్లో తిరుగుబాటు జరిగినప్పుడు నౌకాదళం ఏం చేసింది, ఇవన్నీ ఆ కాలపు సంగతులే. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది. మన ఓడలకు విడిభాగాలు రావడం కష్టమైంది. ఒక దేశం మీదే ఆధారపడితే ఏమవుతుందో అప్పుడు తెలిసింది.

ఒక మాట మళ్ళీ చెబుతాను. యుద్ధం కొన్ని రోజులు జరుగుతుంది. దానికి సిద్ధపడడం ఏళ్ళ తరబడి జరుగుతుంది. 1971లో పదమూడు రోజుల్లో గెలిచామంటే, దాని వెనక 1965లో పడ్డ బాధ ఉంది. ఆ ఏడాది పాకిస్తాన్ ఓడలు వచ్చి ద్వారక మీద గుండ్లు కురిపించి పోయాయి. మన నౌకాదళానికి ఎదురుదెబ్బ కొట్టే అవకాశం దొరకలేదు. ఆ అవమానం మనసులో పెట్టుకుని ఆరేళ్ళు సాధన చేశారు. హీరానందానీ తన మొదటి సంపుటాన్ని 1965తో మొదలుపెట్టడంలో ఈ పాఠం ఉంది. గెలుపు కథ దెబ్బ తిన్న రోజు నుంచే మొదలవుతుంది.

ఇప్పుడు మన సంగతి. మూడు సంపుటాలూ ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగు తీరం పొడవైనది. నౌకాదళానికి ఆయువుపట్టు లాంటి విశాఖ మన చేతిలో ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. 1971లో మన జాలర్లు సముద్రం మీద నిఘా పెట్టారు. ఓడలు కట్టిన కార్మికులు, ఓడల్లో వంట చేసినవాళ్ళు, ఇంజన్ గదుల వేడిలో ఉడికిపోయినవాళ్ళు మన తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ మాటలు తెలుగులో పుస్తకంగా రావాలి. అడ్మిరల్ రాసిన చరిత్ర పక్కన జాలరి చెప్పిన చరిత్ర కూడా ఉండాలి.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో కూడా చెబుతాను. ఘాజీ మునకకు సంబంధించిన కొన్ని అధికారిక పత్రాలు ఇప్పుడు లేవని 2010లో పత్రికల్లో వార్తలు వచ్చాయి. అంత పెద్ద ఘటన కాగితాలకే ఆ గతి పడితే, ఒక మామూలు నావికుడి జ్ఞాపకం ఎన్నాళ్ళు నిలుస్తుంది? 1971లో ఇరవై ఏళ్ళున్న యువకుడికి ఇప్పుడు డెబ్బై దాటాయి.

అందుకే ఈ ప్రసంగం చివర మీకు ఒక విన్నపం. మా కురబలకోట చుట్టుపక్కల గానీ, పుంగనూరులో గానీ, కుప్పంలో గానీ, మీరు వింటున్న ఊరు ఏదైనా సరే, నేవీలో పనిచేసి వచ్చిన పెద్దాయన ఒకరు ఉంటే, ఆయన దగ్గరికి వెళ్ళండి. ఏ ఓడలో పనిచేశావు తాతా అని అడగండి. ఏ ఏడాది, ఏ రేవు, కెప్టెన్ ఎవరు, ఏం తిన్నారు, ఎప్పుడు భయపడ్డారు, అన్నీ అడగండి. ఫోన్లో రికార్డు చేయండి. తర్వాత నోటు పుస్తకంలో తేదీలతో రాయండి. ఆయన చెప్పింది పుస్తకంలో ఉన్నదానితో కలవకపోయినా దిద్దకండి, చెప్పింది చెప్పినట్టే రాయండి. టీచర్లు ఈ పనిని పిల్లలకు ప్రాజెక్టుగా ఇవ్వండి. రాసిన ప్రతిని మీ ఊరి గ్రంథాలయంలో ఒకటి ఉంచండి.

హీరానందానీ చేసింది ఇదే పని. పెద్ద ఎత్తున, దేశం కోసం చేశారు. మనం చిన్న ఎత్తున, మన ఊరి కోసం చేద్దాం. ఈ వారమే మొదలుపెట్టండి.